పోయేటప్పుడు ఫుల్ సస్పెన్షన్, వచ్చేటప్పుడు హార్డ్‌టెయిల్

ఫుల్ సస్పెన్షన్ బైక్, అంటే ముందూ వెనకా కుదుపులు మింగే సస్పెన్షన్ ఉన్న కొండదారి సైకిల్, కొని మూడేళ్లు దాటింది. ఐదువేల కిలోమీటర్లకు పైగా తొక్కాక దాని మీద నాకు మిగిలిన ఇష్టం ఒక్కటే: గతుకుల్లో కూడా సీటు మీద కూర్చునే తొక్కొచ్చు. దిగుడులో వేగం, ఎగిరి దూకడం లాంటివి అమ్మేటప్పుడు చెప్పారు కానీ నాకు అక్కర్లేదు. డెన్వర్ పక్కన అరోరాలో ఉంటాను. కుర్చీ ఉద్యోగం, 46 ఏళ్లు, 84 కిలోలు, నడుములో ఒక డిస్కుతో పదేళ్లుగా గొడవ. ఇవన్నీ ముందే ఎందుకు చెప్తున్నానంటే, కింద రాసిందంతా ఆ నడుం రాయించిందే.

కొలరాడో కొండల్లో జరిగే లెడ్‌విల్ ట్రెయిల్ 100 అనే సైకిల్ రేసు మొదటిసారి 2022లో హార్డ్‌టెయిల్ మీద, అంటే ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న సైకిల్ మీద, చేశాను. ఆ ఊరే పదివేల అడుగుల ఎత్తున ఉంటుంది. అక్కణ్ణుంచి కొలంబైన్ గని దాకా, అంటే 12,400 అడుగులకు పైబడిన ఎత్తుకు ఎక్కి, మళ్లీ అదే దారిన వెనక్కి రావాలి. నూరు మైళ్లు, పన్నెండు గంటల గడువు. దారి చాలావరకు జీపులు తిరిగే మట్టిరోడ్డే కాబట్టి ఈ రేసుకు హార్డ్‌టెయిల్ చాలంటారు. అబద్ధమేం కాదు. 11 గంటల 41 నిమిషాల్లో వచ్చి, గడువులో ముగించినవాళ్లకిచ్చే బెల్టు బకుల్ తెచ్చుకున్నాను. కానీ చివరి మూడు గంటలు సీటు మీద స్థిమితంగా కూర్చున్నది లేదు. ప్రతి రాయికీ లేవడం, మళ్లీ కూలబడడం. కాళ్లలో ఇంకా సత్తువ ఉంది, నడుమే ఒప్పుకోలేదు. ఇంటికొచ్చాక నాలుగు రోజులు నాకు సాక్సులు మా ఆవిడే తొడిగింది.

అందుకే ఈ బైక్ కొన్నాను. సస్పెన్షన్ ముందూ వెనకా 120 ఎంఎం దాకా కుంగుతుంది. మొదటి ఏడాది నేను తెగ మెచ్చుకున్నది ఎడమ బొటనవేలికి అందే లాకౌట్ మీటని. ఒక్క నొక్కుతో ముందు సస్పెన్షన్ ఫోర్కూ, వెనక సస్పెన్షన్ షాకూ రెండూ కుంగకుండా బిగుసుకుంటాయి. ‘ఎక్కేటప్పుడు హార్డ్‌టెయిల్, దిగేటప్పుడు సోఫా’ అని కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. 2024 ఆగస్టులో లెడ్‌విల్‌లో ఆ మాట నిజమే అయింది, కాకపోతే తలకిందులుగా.

కొలంబైన్ ఎక్కుడు చివర్లో చాలామందిలాగే నేనూ బైకును నెట్టుకుంటూ నడిచాను. పైన రెండు గ్లాసుల కోలా తాగి, మీట వదిలి దిగడం మొదలుపెట్టాను. రెండో రాయికే దెబ్బ నేరుగా వెన్నులోకి వచ్చింది. టైరు పోయిందనుకుని ఆగి చూస్తే టైరు బాగానే ఉంది. షాక్ దగ్గర కేబుల్‌ని పట్టి ఉంచే చిన్న స్క్రూ వదులై తీగ జారిపోయింది. దాని కొస చీపురు ఈనెల్లా విచ్చుకుని ఉంది. పట్టి లాగబోతే బొటనవేల్లో దిగింది. తీగ బిగువుగా ఉంటేనే షాక్ తెరుచుకునే రకం నాది. తీగ జారితే ఇక తాళం పడినట్టే. దీనికి వ్యతిరేకంగా పనిచేసే రకం కూడా ఉంది, తీగ తెగితే షాక్ తెరిచే ఉండిపోతుంది. కొనేటప్పుడు ఇది అడగాలని నాకు తెలీదు, అమ్మినవాళ్లూ చెప్పలేదు. నెల ముందే ఒక షాపులో సర్వీసు చేయించాను, ఆ పేరు ఇక్కడ ఎత్తను. స్క్రూకు 2 ఎంఎం అలెన్ కీ కావాలి, నా జేబులోని మల్టీటూల్‌లో అన్నిటికన్నా చిన్నది 3 ఎంఎం.

కొండ దిగాక వచ్చే ట్విన్ లేక్స్ మజిలీ దగ్గర మా ఆవిడ పెరుగన్నం డబ్బాతో నిలబడి ఉంది.

“ఏంటండీ, అలా వంగిపోయి వస్తున్నారు?”

“వెనక సస్పెన్షన్ బిగుసుకుపోయింది.”

“అంటే ఇప్పుడిది పాత సైకిలేగా?”

“బరువు మాత్రం కొత్తదానిదే.”

కార్లో ఉన్న పెట్టెలో అలెన్ కీ దొరికింది కానీ, విచ్చుకున్న తీగ ఎంత బిగించినా నిలవలేదు. అలాగే బయల్దేరాను.

తర్వాత జరిగింది మాత్రం నేను ఊహించనిది. దిగుళ్లలో ఎలాగూ నిలబడే ఉంటాను కాబట్టి పోయింది కొద్ది నిమిషాలే. ప్రాణం తీసింది ఆ తర్వాతి మజిలీ పైప్‌లైన్ వైపు ఉన్న మామూలు మట్టిరోడ్డు. పొద్దున అక్కడే కూర్చుని ఆడుతూ పాడుతూ తొక్కిన నేను, మధ్యాహ్నం సీటు మీంచి పదిసార్లు లేచాను. దాని తర్వాత వచ్చే పవర్‌లైన్ అనే ఎక్కుడు మొదట్లో రెండు రేసుల్లోనూ నడిచినవాణ్ణే. ఆపైన తొక్కగలిగిన చోట గులకరాళ్ల మీద వెనక చక్రం జారిపోవడం మొదలైంది. షాక్ తెరిచి ఉంటే చక్రం నేలను అంటిపెట్టుకుని ఎక్కించేది. ఎక్కేటప్పుడు లాక్ చేయాలని అంతమందికి చెప్పిన నాకు అది అక్కడ అర్థమైంది. ఇప్పుడా మీట పీకేసి, షాక్ మీద చేత్తో తిప్పుకునే చిన్న లివర్ పెట్టించాను. తారురోడ్డు వస్తేనే దాని జోలికి వెళ్తాను.

ఆ రోజు 11 గంటల 29 నిమిషాలు పట్టింది. పన్నెండు నిమిషాల కోసం ఇంత డబ్బా అంటే నా దగ్గర జవాబు లేదు. మర్నాడు సాక్సులు మాత్రం నేనే తొడుక్కున్నాను.

షాకులో గాలి విషయం ఒకటి చెప్పాలి. 30 డిగ్రీల గరాజులో 180 పీఎస్‌ఐ పెట్టుకుని వెళ్తే, లెడ్‌విల్‌లో పొద్దున ఐదు డిగ్రీల చలిలో అది 165 దగ్గరకు పడిపోతుంది. అందుకే నేను తెల్లారకముందే అక్కడే మళ్లీ చూసుకుంటాను.

ఇక నడుముకు మంచిదని నేను పొగిడిన ఈ బైకుకు ఫ్రేములో ఒక్క బాటిలే పడుతుంది. మిగతా నీళ్లన్నీ వీపు మీదే మోయాలి, అంటే మళ్లీ ఆ నడుమే. పైగా దుమ్ములో నెల తిరిగితే పివట్ల దగ్గర, అంటే ఫ్రేము వెనక భాగం కదిలే కీళ్ల దగ్గర, కిర్రుకిర్రు. ఏడాదికోసారి బేరింగులు, షాక్ సర్వీసు. హార్డ్‌టెయిల్‌కి ఆ ఖర్చులో సగం కూడా అవలేదు.

నడుం నొప్పి లేని, అరవై కిలోల కుర్రాడికి నేను ఇదే కొనమని చెప్పలేను. మా తమ్ముడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, “అన్నయ్యా, ఏది తీసుకోను?” అన్నాడు. వాడు తొక్కేది అనంతగిరి వైపు రెండు మూడు గంటలు. హార్డ్‌టెయిల్ తీసుకుని మిగిలిన డబ్బు మంచి టైర్ల మీద పెట్టమన్నాను. వాడు ఫుల్ సస్పెన్షనే కొన్నాడు.

నా షాక్ ఇప్పుడు సర్వీసుకు వెళ్లింది. రెండు వారాలుగా పాత హార్డ్‌టెయిలే దిక్కు. గంటన్నర దాటితే నడుం గుర్తు చేస్తోంది. కానీ తొక్కుతున్నంతసేపూ కిర్రుమన్న చప్పుడు ఒక్కటి లేదు.