పులిరాజా హోర్డింగా, పక్కింటి మనిషి మాటా: హెచ్‌ఐవీని ఆపడానికి ఏది మేలు?

'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' 2000ల తొలి ఏళ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కడ చూసినా ఎయిడ్స్ ప్రచార హోర్డింగుల మీద ఈ ప్రశ్నే. గుంతకల్లు టీ అంగళ్ల దగ్గర కూడా ఎవరీ పులిరాజా అని మాట్లాడుకునేవాళ్లు. నలుగురిలో ఎయిడ్స్ అనే మాట పలకడానికే సిగ్గుపడిన రోజులవి. ఆ సిగ్గును తీయడం చిన్న పని కాదు, ఆ ఘనత ఆ హోర్డింగులకు ఇవ్వాల్సిందే. కానీ తర్వాత నేను ఒక స్వచ్ఛంద సంస్థలో ఔట్‌రీచ్ వర్కర్‌గా ఆ చుట్టుపక్కల నాలుగేళ్లు తిరిగాను. పులిరాజా పేరు తెలియని లారీ డ్రైవర్ ఒక్కడూ కనబడలేదు. జేబులో నిరోధ్ (కండోమ్) ఉన్నవాళ్లు మాత్రం తక్కువ.

మనుషుల అలవాటు మారాలంటే దేని మీద ఖర్చు పెట్టాలి? గోడ మీద రాతకా, నీతి బోధకా, తోటి మనిషి చేత చెప్పించడానికా?

గోడ రాతల్లో పులిరాజా కాస్త నయం. అంతకుముందువన్నీ పుర్రె బొమ్మలు, 'ఎయిడ్స్‌కు మందు లేదు' అనే హెచ్చరికలు. భయపడితే జాగ్రత్తపడతారని అనుకున్నారు. భయపడినవాళ్లు జాగ్రత్తపడలేదు, దాక్కున్నారు. రెండేళ్లు బతిమాలినా పరీక్షకు రాని ఒకాయన, భార్య గర్భిణిగా పరీక్ష చేయించుకుని పాజిటివ్ అని తేలాక వచ్చాడు. 'ఎవరైనా చూస్తే?' అన్నదే అన్నాళ్లూ ఆయన టెన్షన్. ఆ పుర్రె బొమ్మ ఆయన్ని కాపాడలేదు, ఆమెనూ కాపాడలేదు. ఆ ఇంట్లో ఆమెకు పళ్లెం, చెంబు వేరు చేయడం మాత్రం ఊరికి నేర్పింది.

నీతి బోధ మాట తీసేయదగ్గది కాదు. ఉగాండాలో 1980ల చివర్లో ముసెవేనీ ప్రభుత్వం 'జీరో గ్రేజింగ్' అని ప్రచారం చేసింది. పశువును బయటికి మేతకు వదలకుండా ఇంటి దగ్గరే మేపినట్టు, మగవాళ్లు బయటి సంబంధాలు మానుకోమని దాని అర్థం. పశువులు మేపుకునేవాళ్లకు వాళ్ల మాటల్లోనే చెప్పారు. 1990ల మొదట్లో అక్కడి పెద్దవాళ్లలో సుమారు 15 శాతం ఉన్న హెచ్‌ఐవీ, పదేళ్లు తిరిగేసరికి 6 శాతం దగ్గరికి వచ్చింది. చనిపోయినవాళ్ల వల్ల తగ్గిన లెక్క కూడా అందులో కొంత ఉంది. అయినా సంబంధాలు తగ్గించుకోవడం పనిచేసిందని చాలామంది ఒప్పుకుంటారు.

పెళ్లిదాకా బ్రహ్మచర్యం అనే బోధ సంగతి వేరు. 2003లో అమెరికా ఎయిడ్స్ సాయం కోసం చట్టం చేసినప్పుడు, నివారణ డబ్బులో మూడో వంతు ఈ బోధకే కేటాయించింది. ఆఫ్రికాలో వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. 2016లో వచ్చిన ఒక పరిశోధన లెక్క చూస్తే, సాయం అందిన దేశాల్లో జనం నడవడికలో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు.

నా అభ్యంతరం ఇంకోటుంది. మా దగ్గర పాజిటివ్ అని తేలిన ఆడవాళ్లలో ఎక్కువమంది మొగుడు తప్ప ఇంకో మగాణ్ని ఎరగనివాళ్లు. 'ఒకరికే కట్టుబడి ఉండమ్మా' అని వాళ్లకు ఏ ముఖంతో చెప్పేది?

ఇక మూడోది, తోటివాళ్ల చేత చెప్పించడం. పని జరిగేది ఇక్కడే అని నా నమ్మకం. అయితే చెబితే చాలదు. గుత్తి రోడ్డు పక్క సెక్స్ వర్క్ చేసే అక్కలకు నిరోధ్ ఎట్లా వాడాలో మాకంటే బాగా తెలుసు. 'వంద ఎక్కువ ఇస్తా, అది వద్దు' అనేవాడొస్తే ఏం చేయాలన్నదే వాళ్ల బాధ. ఒకామె కాదంటే వాడు ఇంకొకామె దగ్గరికి పోతాడు. అందరూ కాదంటే ఎక్కడికి పోతాడు?

థాయ్‌లాండ్ దీనికి పైనుంచి దారి వెతికింది. 1989లో రాట్చబురి రాష్ట్రంలో మొదలుపెట్టి 1991కి దేశమంతా, కండోమ్ లేకుండా వ్యాపారం నడిపే వేశ్యాగృహాల యజమానుల మీద చర్య తీసుకుంది. 1989లో 14 శాతం ఉన్న వాడకం నాలుగైదేళ్లలో 90 దాటింది. కలకత్తాలో సెక్స్ వర్కర్లు ఉండే సోనాగాచి పేటలో 1992 నుంచి డాక్టర్ స్మరజిత్ జానా కిందినుంచి కట్టుకొచ్చారు. అక్కడి ఆడవాళ్లే తోటివాళ్లకు చెప్పారు, సంఘం పెట్టుకున్నారు, సొంత సహకార బ్యాంకు పెట్టుకున్నారు. చేతిలో నాలుగు డబ్బులుంటేనే ఆ వంద వద్దనగలరు.

వేగం చూస్తే థాయ్‌లాండ్‌దే పైచేయి. మన దగ్గరికి మాత్రం నేను సోనాగాచి దారే కోరుకుంటాను. సంచిలో నిరోధ్ ప్యాకెట్లు దొరికితే వాటినే సాక్ష్యంగా చూపి కేసు పెడతారని వణికే ఆడవాళ్ల దగ్గరికి, లాఠీతో నిరోధ్ తెస్తే నమ్ముతారా?

ఈ దారికీ ఒక లోపముంది. మేము తిరిగింది హాట్‌స్పాట్లలోనే, అంటే హెచ్‌ఐవీ సోకే అవకాశం ఎక్కువని గుర్తించిన చోట్లలోనే. కర్నూలు పడమటి మండలాల నుంచి, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి మిరపకోతలకు గుంటూరు సీమకు సుగ్గి (పనికి వలస) పోయే కుటుంబాలు మా రిజిస్టర్లలో ఎక్కడా లేవు. ఊళ్లో ఉన్నప్పుడు వాళ్లు హాట్‌స్పాట్ కాదు, పోయాక మా జిల్లా కాదు.

ఇప్పుడు మార్చాల్సిన అలవాటు నిరోధ్ ఒక్కటే కాదు, పరీక్ష కూడా. మందులు మొదలుపెడితే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గుతుందని 2011లోనే తేలింది. 2017 నుంచి మన దేశంలో పాజిటివ్ అని తేలిన అందరికీ ఏఆర్‌టీ, అంటే వైరస్‌ను అణచే ఆ మందులు, ఉచితంగా ఇస్తున్నారు. రోజూ మందు మింగి, వైరస్ రక్తంలో కనబడనంత తగ్గితే, సంబంధం ద్వారా ఇంకొకరికి అంటదు. 'మందు లేదు' అని భయపెట్టిన గోడ రాతను మనుషుల మనసుల్లోంచి చెరిపేది ఎవరు?

మా ప్రాజెక్టు ఆగిపోయిన ఏడాది, ఆదోని దగ్గర ఒక ఊళ్లో, ఏఆర్‌టీ వాడుతున్న ఒక పెద్దామె జీతం లేకుండానే ఆ పని చేసింది. సుగ్గి నుంచి వచ్చినవాళ్ల ఇళ్లకు పోయి, జొన్నరొట్టెలు కొడుతున్న ఆడవాళ్ల పక్కన కూర్చుని, తన మాత్రల డబ్బా చూపించేది. 'తొమ్మిదేళ్లైంది నాయనా, చూడండి ఎట్లున్నానో' అనేది. ఆ నెలలో నాలుగు జంటలు ఆమె వెంట ఆదోనికి పరీక్షకు వచ్చాయి. మొగుళ్లు కూడా వచ్చారు.