జొన్నరొట్టెనా, కిచిడీనా?

రాత్రి ఎనిమిదింటికి మెహిదీపట్నంలో రూముకి చేరేసరికి కడుపులో ఎలుకలు పరిగెడుతుంటాయి. కుక్కర్ పెట్టాలా, పెనం పెట్టాలా?

డబ్బు లెక్కలో కిచిడీదే పైచేయి. రేషన్ కార్డు ఉన్నవాళ్లకి 2025 ఏప్రిల్ నుంచి మనిషికి నెలకి 6 కిలోల సన్నబియ్యం ఉచితం కాబట్టి, ఇక ఖర్చంతా పప్పూ కూరగాయలదే. సోరకాయ ముక్కలు, క్యారెట్, రెండు టమాటాలు, చిటికెడు పసుపు. మూడు విజిల్స్‌కి పనైపోతుంది, కడగాల్సింది ఒక్క గిన్నె.

బలం ఎందులో ఎక్కువంటే అందరూ బియ్యమా, జొన్నలా అని వాదిస్తారు. 100 గ్రాముల బియ్యంలో ప్రొటీన్ 8 గ్రాముల లోపే, జొన్నల్లో 10 దాకా. అదే పెసరపప్పులో అయితే 24 దాకా ఉంటుంది. ఆ రెండు గ్రాముల కోసం తగాదా దేనికి, ఇంకో గుప్పెడు పప్పు పోస్తే సరి! అమ్మ మూడు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు పప్పు పోసేది. నేను సగానికి సగం పోస్తాను. ఒకసారి వచ్చినప్పుడు తిని, "ఇది కిచిడీ కాదురా, పప్పులో అన్నం" అంది.

అయితే కిచిడీ తిన్న రోజు పదకొండింటికి నా చెయ్యి బిస్కెట్ల డబ్బా మీదికి పోతుంది. రెండు జొన్నరొట్టెలు, పాలకూర పప్పు తిన్న రోజు పోదు. పీచు ఎక్కువ కదా, కడుపులో నిలుస్తుంది. కష్టమల్లా చెయ్యడంలోనే. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. మరిగిన నీళ్లు పోసి, చెయ్యి కాలుతుండగానే మెదపాలి. తడుతుంటే అంచులు పగుళ్లిస్తాయి, తడివేలితో అతుకుతూ తిప్పాలి. పెనం మీద వేశాక పైన నీళ్లు తడమాలి. పిండి పాతదైతే ఇంతా చేసి ఎత్తేటప్పుడు విరిగిపోతుంది. అందుకే గిర్నీలో కిలోకి మించి పట్టించను.

బయట కొనొచ్చుగా అంటారు. మా వీధి చివర బండి దగ్గర రొట్టె 20 రూపాయలు. మూడు తింటే 60, ఇక చవక మాటెక్కడ?

రాగిసంకటి కూడా ఉంది. కాల్షియంలో బియ్యం, జొన్నలు దాని దరిదాపుల్లోకి రావు. కానీ పులుసు లేకుండా నాకు దిగదు.

పనిరోజుల్లో కిచిడీయే మేలు, పప్పు మాత్రం సగానికి సగం. రొట్టె ఆదివారానికి. పాలకూర పప్పు దించాక నిమ్మచెక్క పిండితే ఆకుకూరలోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది.