బేరింగ్ లోపం పట్టాలంటే వేడి చూడాలా, చప్పుడు వినాలా?

రైలు పెట్టె యాక్సిల్ బాక్స్‌లో (చక్రాల ఇరుసు చివర ఉండే డబ్బా) బేరింగ్ పాడవుతుంటే పట్టుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, బండి ఆగాక సిబ్బంది టెంపరేచర్ గన్‌తో కొలవడం. రెండోది, పట్టాల పక్కన మైక్రోఫోన్లు పెట్టి నడుస్తున్న బండి చప్పుడును కంప్యూటర్‌తో విశ్లేషించడం, మన రైల్వేలో ఓఎంఆర్‌ఎస్ (నడుస్తున్న బళ్లను పట్టాల పక్కనుంచే పరీక్షించే వ్యవస్థ) చేసే పనుల్లో ఇదొకటి.

ఖర్చు: గన్ చవక. మైక్రోఫోన్లు ఖరీదు, పైగా వాటి నిర్వహణ.

శ్రమ: 24 కోచ్‌ల బండికి 192 యాక్సిల్ బాక్సులు, గన్‌తో అయితే రెండు వైపులా నడవాల్సిందే. మైక్రోఫోన్లకు బండి ఆగక్కర్లేదు.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. బేరింగ్ రేసు (రోలర్లు దొర్లే ఉక్కు రింగు) మీద చిన్న పెచ్చు లేచినా, రోలర్ దాని మీదుగా వెళ్లిన ప్రతిసారీ ఒకే లయలో టక్‌టక్ వినిపిస్తుంది, కానీ వేడి బాగా పెరిగేది చివరి దశలో, అప్పటికి జర్నల్ (బేరింగ్‌లో తిరిగే ఇరుసు కొస) విరిగి బండి పట్టాలు తప్పే ప్రమాదం దగ్గరపడినట్టే. అలాగని మైక్రోఫోన్లనే గుడ్డిగా నమ్మకండి, చక్రం ఒకచోట చదునుగా అరిగితే ఆ మోతలో బేరింగ్ చప్పుడు కలిసిపోతుంది.

ఆగకుండా వందల కిలోమీటర్లు పోయే గూడ్స్ లైన్లకు మైక్రోఫోన్లే. బ్రేకు పట్టేసి చక్రం కాలుతున్నా, దారిలో ఒక్క బాక్స్ మీద అనుమానం వచ్చినా గన్ చాలు.