షార్జా నుంచి పాత గేర్‌బాక్స్ తెప్పించుకోదలచినవారికి జాగ్రత్త హెచ్చరిక

షార్జా పారిశ్రామికవాడలోని పాత కార్ల విడిభాగాల దుకాణాల నుంచి గేర్‌బాక్స్ గాని, ఇంజిన్ గాని, హెడ్‌లైట్లు గాని కొని ఓడ మీద ఇంటికి తెప్పించుకోవాలని అనుకుంటున్నవారు, డబ్బు పంపకముందే ఇది చదవాలని కోరుతున్నాను. 2024 ఆగస్టులో నేను రూ.64,000 చెల్లించి కొన్న సరుకు విజయవాడలో మా ఇంటికి చేరేసరికి మొత్తం ఖర్చు రూ.1,97,000 దాటింది. అంత పోసిన తర్వాత కూడా ఆ గేర్‌బాక్స్ బండికి ఎక్కలేదు.

నాది 2009 నాటి హోండా అకార్డ్, 2.4 లీటర్ల పెట్రోలు బండి, ఆటోమేటిక్. గేరు మారేటప్పుడు కుదుపు మొదలై, కొన్ని నెలల్లోనే మూడో గేరు జారిపోయే స్థితికి వచ్చింది. ఆటోనగర్‌లో చాలా ఏళ్లుగా మా బండ్లు చూస్తున్న మెకానిక్, "విప్పి క్లచ్ ప్లేట్లు, సీళ్లు మార్చి బాగు చేస్తానండి, లక్షా పదివేల దాకా అవుతుంది, తొందరపడి బయట కొనకండి" అని చెప్పాడు. అదే వారంలో షార్జాలో ఉద్యోగం చేస్తున్న మా బాబాయి కొడుకు ఫోన్ చేసి, అక్కడ అదే మోడలు గేర్‌బాక్స్ 2,300 దిర్హాములకు, హెడ్‌లైట్ల జత 500 దిర్హాములకు దొరుకుతున్నాయని చెప్పాడు. దిర్హాము విలువ అప్పుడు 23 రూపాయలకు కాస్త తక్కువ. లెక్క చూసుకుని నేను సంతోషించాను, మెకానిక్ మాటను పక్కన పెట్టాను.

అన్నిటికంటే ముందు తెలియవలసింది చట్టం సంగతి. నేను దాన్ని అన్నిటికంటే చివర తెలుసుకున్నాను. మన విదేశీ వాణిజ్య విధానంలో వాడిన వస్తువుల దిగుమతికి ప్రత్యేకంగా ఒక పేరా ఉంది, 2023 విధానంలో అది 2.31. యంత్రసామగ్రి వంటి మూలధన వస్తువుల కోవలోకి రాని వాడిన సరుకు ఏదైనా ఆ పేరా ప్రకారం ఆంక్షల జాబితాలోనే ఉంటుంది, అంటే విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ ఇచ్చే అనుమతి పత్రం లేకుండా దాన్ని దేశంలోకి తేకూడదు. సొంత కారుకు వేసుకునే పాత గేర్‌బాక్స్ ఈ ఆంక్షల జాబితాలోకే వస్తుంది. షార్జాలో అమ్మినవాడు ఈ మాట చెప్పలేదు, అక్కడి నుంచి సరుకు పంపిన కార్గోవాడూ చెప్పలేదు. పైగా కార్గోవాడు, "చార్టర్డ్ ఇంజినీరు దగ్గర 80 శాతం ఆయుష్షు మిగిలి ఉందని సర్టిఫికెట్ తీసుకుంటే చాలు, మీ వైపు ఎవరూ ఆపరు" అని ధైర్యం చెప్పాడు. ఆ 80 శాతం నిబంధన నిజంగానే ఉంది గాని, అది ఫ్యాక్టరీల్లో వాడే మూలధన యంత్రాల కోసం బాగు చేసి పంపే విడిభాగాలకు సంబంధించినది, మన ఇంటి ముందు నిలబెట్టుకునే కారుకు వర్తించేది కాదు. ఈ సగం నిజాన్ని మీతో కూడా ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి ప్రత్యేకంగా రాస్తున్నాను.

అనుమతి లేని సరుకు చెన్నై రేవుకు చేరింది. కార్గోవాడు ప్యాకింగ్ లిస్టులోను, ఇన్వాయిస్‌లోను "ఆటో విడిభాగాలు" అని మాత్రమే రాసి, వాడినవి అన్న మాట ఎక్కడా రాయలేదు. నేనూ ఆ కాగితాలను శ్రద్ధగా చదవలేదు, అది నా తప్పే. పెట్టె తెరిచి చూసిన అధికారులకు అవి పాతవని క్షణంలో తెలిసిపోయింది. 1962 నాటి కస్టమ్స్ చట్టంలో నిషేధం లేదా ఆంక్ష ఉల్లంఘించి తెచ్చిన సరుకును, తప్పుగా ప్రకటించిన సరుకును జప్తు చేయడానికి సెక్షన్ 111, దిగుమతి చేసుకున్నవాడికి జరిమానా వేయడానికి సెక్షన్ 112, జప్తయిన సరుకును విడిపించుకోవడానికి కట్టే విమోచన జరిమానాకు సెక్షన్ 125 ఉన్నాయి. ఈ మూడూ నా పేరు మీదే పడ్డాయి, ఎందుకంటే కాగితాల్లో దిగుమతిదారు నేనే. షార్జాలోని దుకాణదారు మీద గాని, కార్గోవాడి మీద గాని ఏమీ పడలేదు. సరుకు ఎక్కించుకున్నట్టు ఓడ కంపెనీ ఇచ్చే పత్రం, బిల్ ఆఫ్ లేడింగ్, చూపించి వాదిద్దామనుకుంటే, అందులో సరుకు వివరానికి ముందు "ఇందులో ఉన్నదని పంపినవారు చెప్పినది" అనే అర్థం వచ్చే మాట ఒకటి అచ్చువేసి ఉంటుంది. పెట్టెలో నిజంగా ఏముందో తమకు తెలియదని ఓడ కంపెనీవారు ఆ ఒక్క మాటతో ముందే తప్పుకుంటారు.

ఖర్చుల వివరం రాస్తాను, మీ లెక్కతో పోల్చి చూసుకోండి. ఇన్వాయిస్ ధరను అధికారులు అంగీకరించలేదు. చార్టర్డ్ ఇంజినీరు చేత విలువ కట్టించి, ఓడ కిరాయితో కలిపి రూ.80,000గా నిర్ణయించారు. దాని మీద 15 శాతం మూల సుంకం, ఆ సుంకం మీద 10 శాతం సామాజిక సంక్షేమ సర్‌చార్జి, సరుకు విలువకు ఈ రెండూ కలిపిన మొత్తం మీద అప్పట్లో 28 శాతం ఐజీఎస్టీ (దిగుమతుల మీద పడే జీఎస్టీ) పడ్డాయి. ఒకదాని మీద ఒకటి పేరుకోవడంతో నూటికి దాదాపు 49 రూపాయలు, అంటే సుమారు రూ.39,300 అయింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో విడిభాగాల మీద ఆ పన్ను 18 శాతానికి తగ్గింది కాబట్టి ఇప్పుడు తెచ్చేవారికి ఇది నూటికి ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది రూపాయల దగ్గర ఉంటుంది. విమోచన జరిమానా రూ.15,000, పెనాల్టీ రూ.8,000, చార్టర్డ్ ఇంజినీరుకు రూ.5,000, క్లియరింగ్ ఏజెంటుకు రూ.15,000, చెన్నై నుంచి విజయవాడకు లారీ కిరాయి రూ.7,000 అయ్యాయి.

నన్ను ఎక్కువగా బాధించినవి ఇవి కావు. ఓడ కిరాయి పేరిట షార్జాలో నా దగ్గర తీసుకున్నది 260 దిర్హాములు, అంటే ఆరువేల రూపాయల లోపే. ఇంత చౌక ఎలాగని నేను అడగలేదు. పదిమంది సరుకును ఒకే కంటైనరులో కలిపి పంపే పద్ధతిలో, బయలుదేరే చోట కిరాయి నామమాత్రంగా చూపించి, దిగే చోట డెలివరీ ఆర్డరుకు (సరుకు అప్పగించమని రాసి ఇచ్చే కాగితానికి), కంటైనరు విప్పినందుకు, కాగితాలకు, ఎత్తి దించినందుకు వేరువేరు పేర్లతో వసూలు చేయడం మామూలేనట. ఆ డబ్బు కడితేగాని డెలివరీ ఆర్డరు ఇవ్వరు, అది లేనిదే సరుకు కదలదు, సరుకు కదలని ప్రతిరోజూ గోదాము అద్దె పెరుగుతూనే ఉంటుంది. పైగా బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి ప్రకటన, గడువులోగా దాఖలు చేయకపోతే మొదటి 3 రోజులకు రోజుకు రూ.5,000, ఆ తర్వాత రోజుకు రూ.10,000 చొప్పున ఆలస్య రుసుము పడుతుంది. నా ఏజెంటు మేలుకొని ఉండబట్టి ఈ రుసుము తప్పింది గాని, గోదాము అద్దె, దిగే చోటి ఖర్చులు కలిపి రూ.38,000 కట్టాను. అందులో కొంత పెట్టె కర్ర వల్ల పడినది. విదేశాల నుంచి వచ్చే చెక్క పెట్టెల మీద, వేడితో గాని మందుతో గాని పురుగు పోయేలా శుద్ధి చేసినట్టు గోధుమ కంకి బొమ్మ ఉన్న అంతర్జాతీయ ముద్ర ఉండాలి. నా పెట్టెకు అది లేదు. దానికి మళ్లీ శుద్ధి చేయించవలసి వచ్చి, ఇంకొన్ని రోజులు గోదాములోనే ఉండిపోయింది.

ఇక సరుకు సంగతి. ఆటోనగర్‌లో మెకానిక్ గేర్‌బాక్స్ విప్పగానే లోపల సన్నని ఒండ్రు, మూలల్లో పాలు కలిసిన గులాబి రంగు జిడ్డు కనిపించాయి. గేర్ ఆయిల్‌లో నీరు కలిస్తేనే ఆ రంగు వస్తుంది. సోలెనాయిడ్ల (గేర్లు మార్చే విద్యుత్ వాల్వుల) కనెక్టర్లు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. "ఇది నీళ్లలో మునిగిన బండిదండీ, ప్లేట్ల మీద పూత కూడా ఊడిపోతోంది, ఇది ఎక్కించి నేను మీ దగ్గర మాట పడలేను" అన్నాడు. క్లచ్ ప్లేట్ల మీద రాపిడి పొరను అతికించే జిగురుకు నీరు శత్రువు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు పైన గాలి ఆడటానికి చిన్న గొట్టం ఉంటుంది, బండి మునిగినప్పుడు నీరు దాని గుండానే లోపలికి పోతుంది. 2024 ఏప్రిల్ 16న ఎమిరేట్స్‌లో 75 ఏళ్లలో ఎన్నడూ లేనంత వాన పడి, దుబాయ్, షార్జా వీధుల్లో వేల కార్లు నీట మునిగిన సంగతి మనమంతా టీవీల్లో చూశాము. నేను కొన్న భాగం ఆ కార్లలో ఒకదానిదేనని నిరూపించే ఆధారం నా దగ్గర లేదు. కాని వాన వెలిసిన నాలుగు నెలలకు కొంటున్నప్పుడు, ఆ ప్రశ్న నేను అడగవలసింది.

దుకాణంలో ఈ లోపం ఎందుకు కనిపించలేదో కూడా చెప్పాలి. మా బాబాయి కొడుకు వెళ్లేసరికి గేర్‌బాక్స్ కారు నుంచి దించి ఉంది, ఆయిల్ పూర్తిగా తీసేసి, పైన నీళ్ల ప్రెషరుతో కడిగి ఉంచారు. ఆయిల్ తీయడం తప్పని అనను, ఓడకు గాని విమానానికి గాని ఇచ్చేముందు ఇంజిన్, గేర్‌బాక్స్ ఖాళీ చేయడం అవసరమే. కాని ఆ ఆయిలే ఆ గేర్‌బాక్స్‌కు సాక్షి. మాడిన వాసన వస్తున్నదా, నల్లబడిందా, పాల రంగు తిరిగిందా, డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి ఇనుప పొడి ఎంత పట్టింది అన్న నాలుగు విషయాలు చూస్తే లోపలి స్థితి చాలావరకు తెలుస్తుంది. కనుక కారులో ఉన్నప్పుడే, ఆ కారు ఛాసిస్ నంబరు కనిపించేలా, మీ మనిషి ఎదుట ఆయిల్ తీయిస్తూ వీడియో తీయించండి. అందుకు ఒప్పుకోని దుకాణంలో కొనకండి. నాకు పంపిన ఫొటోల్లో ఛాసిస్ నంబరు లేదు, గేర్‌బాక్స్ మీది కోడు పలక కూడా సగమే కనిపించింది. డబ్బు వెళ్లినది దుకాణం పేరిట ఉన్న ఖాతాకు కాదు, వేరే మనిషి ఖాతాకు. రసీదు మీద, అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదని రాసి ఉంది. ఫిర్యాదు చేసిన తర్వాత రెండు రోజులు జవాబిచ్చారు, ఆపైన ఫోన్ ఎత్తలేదు.

హెడ్‌లైట్ల విషయంలో మోసం లేదు, నా అజ్ఞానమే ఉంది. ఎమిరేట్స్‌లో బండ్లు రోడ్డుకు కుడి వైపు నడుస్తాయి, మన దగ్గర ఎడమ వైపు. అక్కడి హెడ్‌లైటు డిమ్ వేసినప్పుడు వెలుగు కుడి అంచుకు ఎత్తుగా పడేలా తయారవుతుంది. అదే దీపం మన రోడ్డు మీద వెలిగిస్తే ఆ ఎత్తయిన వెలుగు నేరుగా ఎదురు బండివాడి కళ్లలో పడుతుంది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, బిగింపులు సరిగ్గా సరిపోతాయి, అందుకే ఎవరూ గమనించరు. స్టీరింగ్ ర్యాక్, డాష్‌బోర్డు, వైపర్ల అమరిక, వైరింగ్ కూడా ఎడమ స్టీరింగు బండివి మనకు పనికిరావు. పాత ఎయిర్‌బ్యాగుల జోలికి అసలు పోవద్దు. లోపల పేలుడు పదార్థం ఉండటం వల్ల రవాణాలో అవి ప్రమాదకర సరుకుగా లెక్కకు వస్తాయి, ప్రకటించకుండా పంపితే నేరం, మునిగిన బండివైతే విచ్చుకుంటాయన్న నమ్మకమూ లేదు.

ఇంజిన్ తెప్పించుకునేవారికి ఇంకొక చిక్కు ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా ఇంజిన్ మార్చినట్లయితే 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేసి ఆర్‌సీలో ఇంజిన్ నంబరు మార్పించుకోవాలి. ఆ ఇంజిన్ ఎక్కడిదని అడిగితే చూపడానికి కస్టమ్స్ కాగితాలు సక్రమంగా ఉండాలి. ఏదో కంపెనీ పేరు మీద, "ఇంటి సామాను" అని రాయించి తెచ్చిన ఇంజిన్‌కు ఆ కాగితం ఎక్కడి నుంచి వస్తుంది? ఇంటి సామానుగా పంపిస్తామని ఇద్దరు కార్గోవాళ్లు నాతో కూడా అన్నారు. దయచేసి ఒప్పుకోకండి. పట్టుబడితే దాన్ని తప్పుడు ప్రకటన కిందే లెక్కిస్తారు.

ఇప్పటికే డబ్బు కట్టి, సరుకు ఇంకా అక్కడే ఉన్నవారు దాన్ని ఎక్కించకుండా ఆపి, ముందుగా చెన్నైలోనో, ముంబైలోనో, సరుకు దిగే మరో రేవులోనో లైసెన్సు ఉన్న కస్టమ్స్ బ్రోకరుతో మాట్లాడండి. అనుమతి పత్రం సంగతి, దిగే చోట కట్టవలసిన మొత్తం ఖర్చు రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ఓడ బయలుదేరి ఉంటే, సరుకు వాడినదన్న నిజాన్ని దాచకుండా బిల్ ఆఫ్ ఎంట్రీలో రాయించి, ఓడ రాకముందే దాఖలు చేయించండి. విచారణ సాగుతుందని తెలిస్తే, కస్టమ్స్ చట్టం సెక్షన్ 49 కింద సరుకును గిడ్డంగికి మార్చుకోవడానికి అనుమతి అడగమని మీ బ్రోకరుతో చెప్పండి, కంటైనరు గోదాములో రోజువారీ అద్దె పెరగకుండా ఉండటానికి నాకు తెలిసిన దారి అదొక్కటే. నా ఏజెంటు ఆ మాట చెప్పేసరికి పంతొమ్మిది రోజులు గడిచిపోయాయి.