డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకు ఏది మేలు: సైలోసైబినా (కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే, భ్రాంతులు కలిగించే మందు), వీఆర్ హెడ్‌సెట్టా (కళ్లకు పెట్టుకుంటే కృత్రిమ లోకం చూపే పరికరం)?

ఖర్చు: హెడ్‌సెట్ ఒక్కటి కొంటే పదిమందికి వాడొచ్చు. సైలోసైబిన్‌లో మందు కన్నా పక్కన కూర్చునే థెరపిస్టుల ఫీజే బరువు.

సమయం: సైలోసైబిన్ 25 మిల్లీగ్రాములు మింగితే ప్రభావం దిగడానికి దాదాపు ఆరు గంటలు, మధ్యలో ఆపలేం. వీఆర్‌లో కళ్లు తిరిగితే హెడ్‌సెట్ తీసేస్తే సరి.

రిస్కు: మూర్ఛ ఉన్నవాళ్లకు వీఆర్‌లో మిణుకుమనే దృశ్యాలు ప్రమాదం కావచ్చు. సైకోసిస్ (వాస్తవంతో సంబంధం తెగే మానసిక స్థితి) ఉంటే, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఉన్నా, సైలోసైబిన్ వద్దే వద్దు.

ఫలితం: ఇజ్‌నెస్-డి అనే వీఆర్ కార్యక్రమంలో నలుగురైదుగురు వెలుగు ముద్దలుగా ఒకరిలో ఒకరు కలుస్తారు. 2022 అధ్యయనంలో నాలుగు అనుభూతి కొలతల్లో అది సైలోసైబిన్ లాంటి మందులకు దీటుగా నిలిచింది. కొలిచింది అనుభూతినే, డిప్రెషన్ తగ్గిందా అని కాదు!

మందులకు లొంగని డిప్రెషన్‌కు ఆస్ట్రేలియాలో 2023 జులై నుంచి అనుమతి ఉన్న సైకియాట్రిస్టు సైలోసైబిన్ రాయొచ్చు. అక్కడ మందే మేలు. ఇండియాలో అది మాదకద్రవ్యాలను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం పరిధిలోది. మందంటే భయమున్నవాళ్లకు, ధ్యానం కుదరనివాళ్లకు ఆ అనుభూతి కోసం వీఆర్ చాలు, నడుస్తున్న చికిత్స మానకుండా.