బోరు నీళ్ల పరీక్ష కిట్: టీడీఎస్ మీటరు చెప్పని సంగతి

హైదరాబాద్ బాచుపల్లిలో మా అపార్ట్‌మెంట్‌కు నల్లా నీళ్లు చాలవు, సగానికి పైగా బోరే దిక్కు. ఫ్లాట్లలో అందరికీ ఆర్వో ఉంది. సెల్లార్‌లో ఉండే వాచ్‌మన్ కుటుంబం మాత్రం బోరు కుళాయి నీళ్లే తాగుతుంది. వాళ్లింట్లో డబ్బా పాలు తాగే పసిబిడ్డ ఉంది. ఆ బిడ్డ కోసమే ఈ కిట్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. రెండు వేల లోపే.

మాది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల గారపట్టిన పళ్లు, వంగిన కాళ్లు చూస్తూ పెరిగినదాన్ని. ఫ్లోరైడ్‌కు రంగు, రుచి, వాసన ఏవీ ఉండవు. అందుకే ఎవరైనా టీడీఎస్ మీటరు ముంచి "నాలుగొందలే, మంచి నీళ్లే" అంటే నాకు కోపం వస్తుంది. ఆ మీటరు కరిగిన లవణాలన్నీ కలిపి ఒక అంచనా చూపిస్తుంది, దేనికది విడదీయదు. మన దేశ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఫర్వాలేదు. ఫ్లోరైడ్ మాత్రం 1 దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు. ఐదొందల్లో ఆ ఒకటిన్నర ఎక్కడ కనిపిస్తుంది?

కిట్‌లో నాకు బాగా నచ్చింది ఫ్లోరైడ్ పరీక్షే. గాజు గొట్టాన్ని పరీక్షించే నీళ్లతోనే కడిగి, గీత దాకా నింపి, ఎర్ర మందు చుక్కలు వేయాలి. ఆ రంగును పట్టుకుని ఉన్న జిర్కోనియం అనే లోహాన్ని ఫ్లోరైడ్ లాక్కుంటుంది. ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ గులాబీ రంగు తగ్గి పసుపు వస్తుంది. మా బోరు నీళ్లు గుమ్మడిపువ్వు రంగుకు తిరిగాయి. పక్కనే నిలబడి చూస్తున్న వాచ్‌మన్ భార్య "రంగు మారింది గదమ్మా, మరి పిల్లకు ఇవి తాపొచ్చా?" అని అడిగింది. వద్దన్నాను. కాచి పట్టినా లాభం లేదు, నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. నైట్రేట్ కూడా అంతే. దాని హద్దు 45, దాటితే డబ్బా పాలు తాగే పసివాళ్లకే ఎక్కువ ప్రమాదం. మా బోరులో అది హద్దులోనే ఉంది.

లోపాలు చెప్పాలి. 1కీ 1.5కీ మధ్య రంగు తేడా ట్యూబులైటు కింద అసలు తెలియదు, పగటి వెలుతురులోకి తీసుకెళ్లాలి. సూచనల కాగితం ఇంగ్లీషులోనే ఉంది, తెలుగులో ఒక్క ముక్క లేదు. నైట్రేట్ చార్టులో గులాబీ రంగులు సరిగా అచ్చు కాలేదు. కంపెనీకి రాస్తే జవాబు రాలేదు. అనుమానం తీరక ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబులో కూడా ఇచ్చాను. ఫ్లోరైడ్ 1.7 వచ్చింది. కిట్ కూడా ఒకటిన్నర పైనే చూపించింది కాబట్టి దాని మాట నమ్ముతాను.

ఇలాంటి చవక కిట్లను తక్కువ చేసి చూడొద్దు. బంగ్లాదేశ్‌లో బోరు నీళ్లలో ఆర్సెనిక్ అనే విషం బయటపడ్డాక దాదాపు 50 లక్షల బోర్లను కిట్లతోనే పరీక్షించి, తాగకూడని పంపులకు ఎరుపు, తాగదగ్గవాటికి ఆకుపచ్చ రంగు వేశారు. చదువు రానివాళ్లకూ అర్థమైంది.

అయితే ఈ కిట్‌లో సీసానికి, క్రోమియానికి పరీక్ష లేదు. పక్కనే బొల్లారం, ఆ వెనక పటాన్‌చెరు. అక్కడి మందుల ఫ్యాక్టరీల మురుగునీటి ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో పరిశోధకులు ప్రకటించారు. అలాంటివి ఏ చుక్కల మందుకూ దొరకవు. ఫ్యాక్టరీల దగ్గర బోరున్నవాళ్లు కిట్‌తో ఆగకుండా లోహాల పరీక్ష ల్యాబులో అడిగి చేయించుకోవాలి.

రంగు తిరిగిన గొట్టం, ల్యాబు రిపోర్టు చూపించాక మా అసోసియేషన్ సెల్లార్‌లో ఆర్వో పెట్టించింది. ఐదుకు నాలుగు ఇస్తాను. ఒక్కో ఇంటికి ఒకటి అక్కర్లేదు, అపార్ట్‌మెంట్‌కు ఒకటి చాలు. వానలకు ముందు, తర్వాత రెండుసార్లూ చూడండి. కిట్ రాగానే మందు సీసాల మీద గడువు తేదీ చూసుకోండి. నాకొచ్చిన వాటిలో ఒకదాని గడువు రెండు నెలల్లోనే ముగిసేది.