రేణిగుంట రోడ్డు 'వింటేజ్' షెడ్డుకి బండి ఇచ్చే ముందు ఇది చదవండి

ఇప్పుడే బండిని చిత్తూరు తెచ్చి ఇంటి ముందు దించాను. ఇంకా స్నానం కూడా చేయలేదు. కోపం చల్లారితే నాకు మళ్ళీ "పోనీలే పాపం" అనిపిస్తుంది, నా సంగతి నాకు తెలుసు. అందుకే వేడి మీదే రాస్తున్నాను.

తిరుపతిలో పాత బండ్లు బాగుచేసే ఆ షెడ్డు పేరు రాయను. పాత బండ్ల పిచ్చి ఉన్నవాళ్ళకి ఆ షెడ్డు ఏదో చెప్పక్కర్లేదు. "మీ తాతగారి జ్ఞాపకాన్ని మా బిడ్డలా చూసుకుంటాం" అని వీడియోల్లో కళ్ళు తుడుచుకుంటాడే, ఆయనే.

బండి 1954 మోరిస్ మైనర్ వ్యాన్, ఇంగ్లండ్ కంపెనీది. కారు కాదండీ, వ్యాన్. ముందు నుంచి చూస్తే మైనర్ కారుకుండే అదే రెండు ముక్కల అద్దం, అదే గుండ్రటి మొహం. డ్రైవర్ వీపు దగ్గర నుంచి మాత్రం రేకు పెట్టె. పక్కలకి కిటికీలు ఉండవు, వెనక రెండు తలుపులు, మోసేది పావు టన్ను. మైనర్ కారుకి విడిగా చాసిస్ (బాడీని మోసే ఇనుప చట్రం) ఉండదు, ఈ వ్యాన్‌కి ఉంటుంది. కార్లు అప్పుడప్పుడు కనబడతాయి గానీ, వ్యాన్ మాత్రం మాది తప్ప ఇంకోటి నేను కళ్ళారా చూడలేదు. తాత మద్రాసులో సెకండ్ హ్యాండ్‌కి కొని, చిత్తూరు నుంచి పలమనేరు దాకా అంగళ్ళకి కాఫీపొడి వేసేవాడు. తర్వాత మా చిన్నాన్న పుణ్యమా అని రెండు పక్కలా రేకు కోసి కిటికీలు పెట్టారు, లోపల బల్ల సీట్లు వేశారు, పెళ్ళిళ్ళకీ కాణిపాకానికీ బాడుగకి తిప్పారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు పెరట్లో రేకుల కింద.

నేను అడిగింది ఒకటే. కిటికీలు రేకుతో మూసి, సీట్లు పీకేసి, తాత తిప్పినప్పటి డెలివరీ బండిలా చేసివ్వమన్నాను. ఇంజన్ ముట్టుకోవద్దని ఒకటికి నాలుగుసార్లు చెప్పాను. నెలకోసారి నాయన స్టార్ట్ చేసేవాడు, నిక్షేపంలా తిరిగేది. 4,20,000కి మాట్లాడుకుని 2,75,000 ఇచ్చాను. రసీదు? లేదు. "మన మధ్య రసీదులేంది సామీ" అన్నాడు. నేను నవ్వాను. అవును, నవ్వాను.

పద్నాలుగు నెలలు గడిచాయి. మొన్న మంగళవారం తిరుపతిలో ఒక గృహప్రవేశానికి వెళ్ళి, ఎలాగూ వచ్చాను కదా అని ఫోన్ చేయకుండా షెడ్డుకి వెళ్ళాను. ఆయన టిఫిన్ తింటున్నాడు. నన్ను చూసి ఇడ్లీ పొట్లం మూసేశాడు. అప్పుడే నాకు ఏదో తేడా కొట్టింది. బానెట్ ఎత్తి ఉంది. లోపల మోరిస్ ఇంజన్ లేదు. మారుతి ఓమ్ని ఇంజన్ ఉంది.

ఒక నిమిషం వేరే బండి దగ్గరికి వచ్చానేమో అనుకున్నాను.

"ఇదేంటి" అంటే, "సర్‌ప్రైజ్ సామీ, ఇంక మీకు స్పేర్ పార్టుల టెన్షనే లేదు, ఏసీ కూడా పెట్టుకోవచ్చు" అన్నాడు. పాత ఇంజన్ ఏదీ అంటే, తుప్పు పట్టిపోయిందట, పాత ఇనుము వాడికి మూడు వేలకి ఇచ్చేశాడట, ఆ మూడు వేలు నా బిల్లులో తగ్గిస్తాడట. ఎంత దయ! "అయినా అది 803 సీసీ, ఇది 796. ఏడు సీసీలకి ఎందుకు సామీ ఇంత రాద్ధాంతం" అన్నాడు. అది నాలుగు సిలిండర్లు, ఇది మూడు. అది 1954, ఇది ఏ యాక్సిడెంట్ బండిలోంచి పీకిందో ఆ ఏడుకొండల వాడికే తెలియాలి.

అప్పుడు బండి కింద పడుకుని నట్లు బిగిస్తున్న పిలకాయ తల బయటికి పెట్టి, "అది ఇనుమోళ్ళకి కాదు కదన్నా, బెంగళూరు సార్ వచ్చి కారులో ఎక్కించుకొని పోయె కదా" అన్నాడు. పాపం వాడికి అబద్ధం నేర్పడం మరిచిపోయినట్టున్నాడు. ఈయన వాడి వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. వాడు తల లోపలికి లాక్కున్నాడు. ఈయన చెయ్యి కడుక్కుంటూ, నా మొహం కూడా చూడకుండా అన్న మాట ఇది:

"అయితే ఏం సామీ, ఇప్పుడు మళ్ళా దీంట్లో కాఫీపొడి అమ్ముకుంటావా?"

అంతవరకూ "మీరు", "గారు". అప్పటి నుంచి "నువ్వు". చుట్టూ నలుగురు పనివాళ్ళు కిసుక్కున నవ్వారు. నాకు మాట రాలేదు. ఇప్పుడు రాస్తుంటే పది జవాబులు తోస్తున్నాయి, అక్కడ ఒక్కటీ తోచలేదు. డబ్బు పోయిందన్న బాధ కంటే ఆ నవ్వే ఎక్కువగా తొలుస్తోంది. తాత ఆ కాఫీపొడి అమ్మే ముగ్గురు ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేశాడు.

లోపల చూస్తే ఇంకా ఘోరం. తాత వేయించిన టేకు పలకల ఫ్లోరింగ్ ఉండేది. ఎండలో బండి తలుపు తీస్తే ఇన్నేళ్ళ తర్వాత కూడా చికోరీ వాసన లీలగా వచ్చేది. దాని చోట ప్లైవుడ్, పైన బ్రౌన్ రెక్సిన్. పలకలు ఏవంటే ఎవరూ నోరు విప్పలేదు. కిటికీలు మూసింది రేకుతో కాదు, ఫైబర్ పెట్టి పైన బొటనవేలు మందాన పుట్టీ. ఇంటికొచ్చాక ఫ్రిజ్ మీది మాగ్నెట్ తెచ్చి పెట్టి చూశాను. జర్రున జారి కింద పడింది. వెనక తలుపులు మాత్రం అసలువే ఉన్నాయి, బహుశా బెంగళూరు సారు కారులో చోటు చాలక.

బండి తీసుకెళ్తానంటే "పార్కింగ్" కింద 18,000 కట్టమన్నాడు. కట్టాను. తర్వాత ట్రక్కు బాడుగ 6,500.

ఇదంతా ముందే తెలుసుకోవాల్సింది నేనే, అదే నా ఏడుపు. ఆయన వాట్సాప్‌లో పంపిన ఫోటోలు నిన్న రాత్రి కూర్చుని మళ్ళీ చూశాను. ఈ బండికి బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి తగిలించి ఉంటుంది, పాజిటివ్ ఎర్త్. ఓమ్నికి మైనస్ బాడీకి. ఐదో నెల ఫోటోలోనే మైనస్ వైరు బాడీకి బిగించి ఉంది, గుడ్డ చుట్టిన పాత వైరింగ్ అంతా మాయం. ఆ ఫోటోకి నేనేం జవాబు పెట్టానో తెలుసా? రెండు దండాలు, ఒక హార్ట్. మా ఆవిడ అప్పుడే అంది, "ఎక్కువ ఫోటోలు వెనక వైపు నుంచే తీస్తాడేం" అని. నువ్వూరుకో, నీకు బండ్ల గురించేం తెలుసు అన్నాను. ఈ పూట ఇంట్లో నాకు కాఫీ దొరికింది, అదే గొప్ప.

కొంతమందికి ఇంజన్ మారిస్తే కొంపేం మునిగింది అనిపించవచ్చు. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధన ఒకటి ఉంది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండికే అది వర్తిస్తుంది. చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చి ఉండకూడదు. కొత్తగా రిజిస్టర్ చేసే బండికి 'వీఏ' సిరీస్‌లో నంబరిస్తారు, ఇదివరకే రిజిస్టరై ఉంటే పాత నంబరే ఉంచుకోవచ్చు. ఆ పాత నంబరు కోసమే ఈ తిప్పలన్నీ. నాయన ఫోన్ నంబరు చివరి నాలుగంకెలు కూడా అవే, అడిగి మరీ తీసుకున్నాడు. ఇప్పుడు ఆర్‌సీలో ఉన్న ఇంజన్ నంబరుకీ బండిలో ఉన్నదానికీ సంబంధమే లేదు. నాయనకి ఇంకా చెప్పలేదు. "స్టార్ట్ చేసి చూపించరా" అని బండి దించినప్పటి నుంచి మూడుసార్లు అడిగాడు, బ్యాటరీ లేదని చెప్పి తప్పించుకున్నాను.

సరే, మీరు ఎక్కడైనా బండి ఇస్తే ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు ఫోటో తీసుకుని, పీకిన ప్రతి సామానూ మీకే అప్పగించాలని కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకోండి. చెప్పకుండా వెళ్ళి చూడండి. జేబులో ఒక మాగ్నెట్ ఉంచుకోండి. నేను 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించాను. నా దగ్గర ఉన్నదల్లా గూగుల్ పే లెక్కలు, ఆ వాట్సాప్ ఫోటోలే, చూద్దాం.

ఇంకొకటి. బెంగళూరు వైపు ఉన్నవాళ్ళు ఎవరికైనా మోరిస్ 803 ఇంజన్ అమ్మకానికి కనబడితే పై కవరు చూడండి. ఆకుపచ్చ రంగు మీద నాయన తెల్ల పెయింటుతో వేసిన చిన్న నామం ఉంటుంది, ఎడమ గీత కాస్త వంకర. అదే అయితే నాకు మెసేజ్ పెట్టండి. కొన్నవాళ్ళతో నాకు గొడవ లేదు, వాళ్ళు ఎంతకి కొన్నారో అంత ఇచ్చి తెచ్చుకుంటాను.